ఖాళీ లేదు అనే ముందు

తనను దేశం నుంచి పంపొద్దని ఒక శ్రీలంక తమిళుడు వేసిన పిటిషను 2025 మే 19న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. దాన్ని తోసిపుచ్చుతూ జస్టిస్ దీపాంకర్ దత్తా అన్న మాట ఆ రోజంతా టీవీల్లో తిరిగింది. ప్రపంచంలో ఉన్న శరణార్థులందరికీ చోటివ్వడానికి ఇది ధర్మశాల కాదు, 140 కోట్ల మందితో మనమే అవస్థ పడుతున్నాం అని. సాయంత్రం మా కౌంటరు దగ్గర కూర్చుని పేపరు చదివే పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు "కరెక్టుగా చెప్పినాడబ్బా" అన్నారు. నేనేమీ అనలేదు. ఏమనాలో అప్పటికి నాకూ తెలియలేదు.

ధర్మశాల అంటే మా వాడుకలో సత్రం. ఇరవై ఆరేళ్ళుగా తిరుపతిలో ఒక సత్రానికి మేనేజరుగా ఉన్నాను. రైల్వేస్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరం, మూడు అంతస్తులు, యాభై ఎనిమిది గదులు. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. సత్రం అంటే అడిగినవాళ్ళందరికీ గది దొరికే చోటు అని బయటివాళ్ళు అనుకుంటారు. ఎన్నడూ కాదు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి, వేసవి సెలవుల్లో పదిమంది వస్తే ఎనిమిది మందిని తిప్పి పంపుతాం. సత్రం నడపడంలో సగం పని లేదని చెప్పడమే. కాబట్టి దేశం సత్రమా కాదా అన్న వాదనలోకి నేను పోను. లేదని చెప్పడానికి ఒక పద్ధతి ఉంటుంది, ఉండాలి. నాకు కొంచెం తెలిసింది అదే.

ముందే చెప్పేస్తాను. శరణు అడిగిన ప్రతి మనిషినీ ఉంచుకుని తీరాలని నేను అనను. కానీ ఆ మనిషి చెప్పేది వినకుండానే వెనక్కి పంపే చట్టమైనా, ఉత్తర్వైనా, దాన్ని కోర్టుకు ఈడ్చే వాళ్ళ పక్షాన ఉంటాను. అమెరికాలో అయినా, బ్రిటన్‌లో అయినా, మన దగ్గరైనా. ఇక్కడికి రావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మధ్యలో నేను చేసిన తప్పులున్నాయి, ఇంకా తీరని అనుమానాలున్నాయి. అవన్నీ రాస్తాను.

కౌంటరు దగ్గర

తిరుపతిలో ఒంటరిగా వచ్చిన మనిషికి గది దొరకడం కష్టం. ఈ ఊరికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఇది తెలుసు. ఒంటరిగా వచ్చి గదిలో ప్రాణం తీసుకున్న వాళ్ళు ఉన్నారు. అలాంటిది ఒకటి జరిగితే పోలీసులు, పంచనామా, నెల రోజుల తిరుగుడు. అందుకని సత్రాలు, లాడ్జీలు ఒక నియమం పెట్టుకున్నాయి. నియమం పెట్టినవాళ్ళు దుర్మార్గులు కారు. భయపడ్డవాళ్ళు.

సుమారు పదిహేనేళ్ళ కిందట ఒక రాత్రి పదకొండు దాటాక ఒకామె ఆరేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు తప్ప సామాను లేదు. చూడగానే నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది: "గదులు ఖాళీ లేవమ్మా." నిజానికి ఆ రాత్రి నాలుగు ఖాళీగా ఉన్నాయి. ఆమె మారుమాట్లాడలేదు. బయట అరుగు మీద కూర్చుంది. మా వాచ్‌మన్ చాపా దుప్పటీ ఇచ్చాడట. పొద్దున నేను వచ్చేసరికి వెళ్ళిపోయింది. సంగతి వాచ్‌మనే చెప్పాడు. మొగుడు కాల్చిన చెయ్యి అట, మోచేతి దాకా కట్టు కట్టుకుని ఉందట. గూడూరు నుంచి అన్న మొదటి బండికి వస్తాడని ఎదురుచూసిందట. వాడికి ఇదంతా ఎలా తెలిసింది? "ఏమ్మా, ఏమైంది అని అడిగినా సార్" అన్నాడు. అంతే.

ఖాళీ లేదు అనే మాటలో ఒక సుఖం ఉంది. అది అనేస్తే ఇక వినక్కర్లేదు. విన్నాక లేదనడం వేరే పని. అప్పుడు ఆ మనిషి ముఖం చూసి, ఏ కారణంగా లేదో చెప్పాలి. నేను ఆ రాత్రి ఎగ్గొట్టింది గది కాదు, ఆ పని.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే నేను నిజాయితీగా రాసినట్టు కాదు. ఒకాయన వచ్చాడు, నలభై ఏళ్ళుంటాయి, గుండు, నుదుట నామం. తల్లి అస్థికలు కలపడానికి పోతూ దారిలో పర్సు పోయిందని ఏడ్చాడు. జాలిపడి రెండు రోజులు గది ఇచ్చాను, క్యాంటీన్లో భోజనం చెప్పాను. మూడో రోజు గదిలో బకెట్టు, దుప్పట్లు, కుళాయి తలలు కూడా లేవు. అదే కథ ఇంకో రెండు సత్రాల్లో చెప్పాడని తర్వాత తెలిసింది. ట్రస్టీలు నన్ను నిలదీశారు. గుర్తింపు కార్డు లేకుండా ఎవరికీ, ఏ కారణం చేతా గది ఇవ్వరాదని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నారు. వాడొక్కడి అబద్ధానికి ఆ తర్వాత ఎంతమంది అరుగు మీద పడుకున్నారో నేను లెక్కపెట్టలేదు.

శరణార్థుల మీద ప్రభుత్వాలు బిగించే నియమాలు కూడా ఇలాగే పుడతాయని నా నమ్మకం. ఒకడు మోసం చేస్తాడు, లేదా ఒకరోజు జనం మరీ ఎక్కువ వస్తారు. మర్నాడు అందరికీ కలిపి ఒక తలుపు పడుతుంది.

1991, చిత్తూరు

మా సొంత ఊరు చిత్తూరు. 1990లో మా ఇంటి వెనక పోర్షనులోకి ఒక శ్రీలంక కుటుంబం అద్దెకొచ్చింది. భార్య, భర్త, ఆమె తమ్ముడు. ఆ ఏడాది జూన్‌లో అక్కడ మళ్ళీ యుద్ధం మొదలై వేలమంది పడవల్లో రామేశ్వరం చేరారు కదా, వాళ్ళలో వీళ్ళు. ఆయన గ్రానైట్ పాలిషింగ్ షెడ్డులో పనికి కుదిరాడు. ఆ అక్క వీధి పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. చిత్తూరులో తమిళానికి కొదవ లేదు గానీ ఆమె తమిళం వేరు. మాట్లాడటాన్ని "కదైక్కిరదు" అనేది. మా పక్కింటి తమిళులు ఆ మాటకు నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది.

1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో శ్రీలంక తమిళ టైగర్లు రాజీవ్‌గాంధీని చంపేశారు. చిత్తూరు నుంచి మద్రాసు పోయే బస్సు దారిలో తగిలే ఊరు అది. నాలుగో రోజో ఐదో రోజో ఒక కానిస్టేబులు మా ఇంటికి వచ్చి వాళ్ళ పేర్లు రాసుకున్నాడు. వాళ్ళను ఏమీ అనలేదు. మా నాయనతో మాత్రం "మాస్టారూ, మీరు గవర్నమెంటు ఉద్యోగస్తులు, చూసుకోండి" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. తెల్లారి నాయన వెనక పోర్షను గుమ్మం దగ్గర నిలబడి, తల దించుకుని, ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఆ అక్క ఏదో చెప్పబోయింది. నాయన "ఏమీ చెప్పొద్దమ్మా" అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. ఆమె చెప్తే ఆయన పంపలేడు.

మధ్యాహ్నానికి రెండు ట్రంకు పెట్టెలతో వేలూరు బస్సెక్కారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివి ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. చిన్నపిల్లాణ్ణి కాదు. ఒక పెట్టె నేనే మోసి బస్సు మీద వేశాను. ఒక్క మాట మాట్లాడలేదు.

మరుసటి ఏడాది జనవరి నుంచి శ్రీలంక శరణార్థులను ఓడల్లో వెనక్కి పంపడం మొదలైంది. ఇష్టపడే వెళ్తున్నారని ప్రభుత్వం చెప్పింది. 1992లో తమిళనాడు నాయకులు పి. నెడుమారన్, డాక్టర్ రామదాసు మద్రాసు హైకోర్టుకు వెళ్ళారు. వాళ్ళు అడిగింది అందరినీ ఇక్కడే ఉంచమని కాదు. నిజంగా ఇష్టపడే వెళ్తున్నారా అని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ వాళ్ళను అడగనివ్వండి అని. ఆ సంస్థకు ఆ ఏడాదే మద్రాసులో ఆ అవకాశం దొరికింది. సంస్థ అడుగుతోంది కాబట్టి అది ఇష్టమా బలవంతమా అన్నది మేం తేల్చం అని కోర్టు పక్కకు తప్పుకుంది. పుస్తకాల లెక్కలో దీన్ని గెలుపు అనలేం. నాకు మాత్రం ఆ కేసు గురించి చదివినప్పుడల్లా మా వెనక పోర్షను గుమ్మం గుర్తొస్తుంది. ఓడ ఎక్కే ముందు ఒక మనిషి ఎదురుగా కూర్చుని "నీకు ఇష్టమేనా" అని అడగడం కోసం ఎవరో లాయర్లు పిటిషను టైపు చేయించారు. మా ఇంట్లో ఆ ప్రశ్న అడగడానికి ఎవరూ లేకపోయారు. నేనున్నాను, అడగలేదు.

అల్లుడితో వాదన

మా అల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. పదేళ్ళ పైనే అయింది. మంచివాడు, కష్టజీవి. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. మన దేశం వాళ్ళకు ఆ క్యూ దశాబ్దాల లెక్కలో ఉంటుంది. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్ళు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపినప్పుడు నేను బాధపడితే ఫోనులో అన్నాడు: "మామా, మీరు తిరుపతిలో ఉండి ఈ మాట అనొచ్చా? మేము కంపార్టుమెంట్లో ఏళ్ళ తరబడి కూర్చున్నాం. వాళ్ళు కంచె దూకి ముందుకొచ్చారు. అలాంటి వాళ్ళ తరఫున కేసులు వేసేవాళ్ళకు మీరు డబ్బులు పంపిస్తారా?"

పంపిస్తాను. మన దేశంలోనే శరణార్థులకు ఉచితంగా కేసులు నడిపే ఒక చిన్న లాయర్ల బృందానికి నెలకు 500 రూపాయలు. అది కూతురు చెప్పి ఉంటుంది.

క్యూ సంగతి నాకు తగిలింది. ఎందుకంటే అది సరైన బాధ. దానికి రెండు రోజులు ఆలోచించి గానీ జవాబివ్వలేకపోయాను. నేనన్నది ఇదీ: క్యూలో మనిషి స్పృహ తప్పి పడిపోతే పక్క గేటు నుంచి బయటికి తెస్తారు. ఆ మనిషి నీకంటే ముందు దర్శనం చేసుకోవడం లేదు. అసలు క్యూలో లేడు. ప్రాణభయంతో వచ్చినవాడు నీ గ్రీన్‌కార్డు నంబరును దాటడు, అతనిది వేరే దారి. ఆ దారి లాయర్లు కనిపెట్టింది కాదు. 1980లో అమెరికా చేసుకున్న శరణార్థి చట్టంలోనే ఉంది. ఆ దేశపు నేల మీద కాలు పెట్టిన మనిషి, సరైన ద్వారం గుండా వచ్చినా రాకపోయినా, ఆశ్రయం అడగవచ్చని అక్కడి చట్టమే చెబుతోంది. 2025 జనవరి 20న ఒక ప్రకటనతో సరిహద్దులో ఆ దారి మూసేశారు. జూలై 2న వాషింగ్టన్‌లో జడ్జి రాండాల్ఫ్ మాస్, చట్టసభ రాసిన చట్టాన్ని ప్రకటనతో పక్కన పెట్టే అధికారం అధ్యక్షుడికి లేదని తీర్పిచ్చాడు. ప్రభుత్వం పైకోర్టుకు వెళ్ళింది. కేసు వేసినవాళ్ళు కొత్త వరం ఏదీ అడగలేదు. మీ చట్టాన్ని మీరు పాటించండి అన్నారు.

అప్పుడు అల్లుడు ఇంకో మాట అన్నాడు. దానికి నా దగ్గర చప్పున సమాధానం లేకపోయింది. "గేటు తీస్తే ఏమవుతుందో మీ ఊళ్ళోనే చూశారు కదా మామా."

2025 జనవరి 8 రాత్రి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన వాళ్ళలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. ఒంట్లో బాగాలేని ఒకామెను బయటికి తేవడానికి గేటు తీస్తే, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారని పేపర్లు రాశాయి. ఆ రాత్రి మా సత్రం ముందు నుంచి అంబులెన్సులు పోతూనే ఉన్నాయి. మా గదుల్లో దిగిన వాళ్ళు తమ వాళ్ళ కోసం చెప్పుల్లేకుండా పరిగెత్తారు. కాబట్టి ఒకరి కోసం గేటు తీస్తే వేలమంది వస్తారన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నిజమైన భయం అది. సరిహద్దులు కాపలా కాసే ప్రభుత్వాల భయం కూడా అదే.

కానీ ఆ తర్వాత నెలల తరబడి మా ఊళ్ళో ఎన్ని చర్చలు జరిగాయో లెక్కలేదు. ఎవరు బాధ్యులు, ఎన్ని కేంద్రాలు పెట్టాలి, మైకులో ఎందుకు చెప్పలేదు. వాటిలో ఎక్కడా, ఎవరి నోటా, ఆమెను లోపలే వదిలేయాల్సింది అన్న మాట నేను వినలేదు. జబ్బుపడ్డ వాళ్ళకు వేరే దారి ముందే ఎందుకు లేదని అడిగారు. అల్లుడికి అదే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే గానీ, అక్కడ చెప్పేవన్నీ కట్టుకథలే మామా. ఏజెంట్లు రాసిస్తారు, వీళ్ళు బట్టీ పడతారు" అన్నాడు.

అదీ నిజమే. మన దేశం నుంచి పోయిన వాళ్ళలోనే అలాంటి వాళ్ళు ఉన్నారు. నా కుళాయి తలలు పట్టుకుపోయిన వాడూ బట్టీ పట్టిన కథే చెప్పాడు. అయితే నిజమేదో కథేదో ఎలా తేలుతుంది? కూర్చోబెట్టి అడిగితేనే తేలుతుంది. అబద్ధాలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి విచారణే తీసేస్తామనడం, దొంగ నోట్లు వస్తున్నాయని నోట్లు చూడటం మానేసినట్టు ఉంటుంది.

దీనికి నాకు దొరికిన గట్టి ఉదాహరణ కెనడాది. అక్కడ ఒకప్పుడు శరణు అడిగినవాడిని ఒక అధికారి ప్రశ్నించి, ఆ మాటలు టైపు కొట్టించి, ఒక కమిటీకి పంపేవాడు. కమిటీ మనిషిని చూడకుండా కాగితం చూసి నమ్మాలో వద్దో మంత్రికి చెప్పేది. కొందరు సిక్కులు, వాళ్ళతో పాటు ఇంకొకరు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1985 ఏప్రిల్ 4న తీర్పు వచ్చింది. మనిషి మాట నమ్మదగినదా కాదా అన్నదే ప్రశ్న అయినప్పుడు ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టి వినాల్సిందే అని. జస్టిస్ బెర్తా విల్సన్ ఇంకో మాట కూడా రాసింది. రాజ్యాంగ హక్కుల పత్రంలో 'ప్రతి ఒక్కరు' అంటే కెనడా గడ్డ మీద నిలబడి ఉన్న ప్రతి ఒక్కరూ అని. వినడానికి ప్రత్యేకంగా ఒక బోర్డు 1989లో ఏర్పడింది. ఆ తర్వాత కూడా కెనడా ఎంతోమందిని కాదని పంపింది. విని పంపింది.

ఓడిపోయే కేసులు

నన్ను నిజంగా కుదిపే అనుమానం ఇంకొకటి. కేసు వేస్తే గెలుస్తామని ఎవరు చెప్పారు? ఓడితే, ఇంతకు ముందు చూసీచూడనట్టు వదిలేసింది కూడా రాతపూర్వకంగా మూసుకుపోతుంది.

2017 ఫిబ్రవరిలో ఒక శ్రీలంక తమిళుడు మెక్సికో వైపు నుంచి అమెరికాలోకి 25 గజాల దూరం వచ్చి పట్టుబడ్డాడు. కొందరు తనను ఎత్తుకెళ్ళి చావబాదారని చెప్పాడు. దెబ్బలు తిన్నాడన్నది అధికారి నమ్మాడు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నది తెలియదన్నాడు కాబట్టి, ఆశ్రయం అడగడానికి తగిన భయం కాదని తేల్చేశాడు. శ్రీలంక తమిళుల ఇళ్ళల్లో తెల్ల వ్యాను అంటే పిల్లలకు కూడా వివరించక్కర్లేదు. వ్యానులో వచ్చి ఎత్తుకెళ్ళేవాళ్ళు పేరూ ఊరూ చెప్పి కొట్టరు. ఈ సంగతి తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కరున్నా ఇంకో ప్రశ్న అడిగేవాళ్ళు. అతని తరఫున లాయర్లు సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2020 జూన్ 25న ఓడిపోయారు, ఏడుగురు జడ్జీలు అటు, ఇద్దరు ఇటు. అలా పట్టుబడ్డ వాళ్ళకు హెబియస్ కార్పస్ కింద, అంటే నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ, కోర్టుకెక్కే దారి ఆ తీర్పుతో దాదాపు మూసుకుపోయింది. ఈ కేసు అసలు వెయ్యకుండా ఉంటే బాగుండేదా? ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ ఉంది.

మన దగ్గరా అంతే. జమ్మూలో నిర్బంధంలో ఉన్న రోహింగ్యాలను పంపించకుండా ఆపమని వేసిన దరఖాస్తు మీద 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆపం అంది. జీవించే హక్కు అందరిదీ గానీ, ఈ దేశంలో నివాసముండే హక్కు పౌరులదే కాబట్టి వెళ్ళగొట్టకుండా ఉండే హక్కు కూడా దానికే చెందుతుంది అంది. అయినా చివర్లో ఒక ముక్క మిగిల్చింది: నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపకూడదు. ఇప్పుడు లాయర్లు వేళ్ళాడుతున్నది ఆ ఒక్క ముక్క పట్టుకునే.

గెలిచినా గెలుపు నిలవాలని లేదు. బ్రిటన్ తన దగ్గరికి పడవల్లో వచ్చినవాళ్ళను రువాండాకు పంపుతానంది. 2023 నవంబరు 15న అక్కడి సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలూ ఒకే మాటగా కుదరదన్నారు. రువాండా వాళ్ళ దరఖాస్తులను సరిగ్గా వినదని, వినకుండా చావుకు ఎదురు పంపే ప్రమాదం ఉందని చూపించారు. సిరియా, యెమెన్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళు పెట్టుకున్న ప్రతి దరఖాస్తునూ రువాండా తిరస్కరించిందన్న సంగతి ఆ తీర్పులో ఉంది. ఆరు నెలలు తిరక్కుండా పార్లమెంటు రువాండా సురక్షిత దేశమే అని చట్టం చేసింది. రోహిణి కార్తెను మాఘమాసం అని చట్టం చేస్తే ఎండ తగ్గుతుందా? చివరికి 2024 జూలైలో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ పథకాన్నే ఎత్తేసింది. అప్పటికి అయిన ఖర్చు 70 కోట్ల పౌండ్లని, వెళ్ళింది ఇష్టపడి ఒప్పుకున్న నలుగురేనని ఆ ప్రభుత్వమే చెప్పింది. కోర్టులు ఆపకపోయి ఉంటే ఎంతమందిని పంపేవాళ్ళో.

ఎన్నికైన ప్రభుత్వం చేసే పనికి జడ్జీలు అడ్డం రావడమేంటన్నది ఇంకో అభ్యంతరం. ఎంతమందిని రానివ్వాలన్నది కోర్టు తేల్చే పని కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ శరణార్థికి ఓటు లేదు. అతని కోసం ధర్నా చేసేవాళ్ళు లేరు. ఏ ఎమ్మెల్యే దగ్గరికీ పోలేడు. ఒక్క కోర్టులోనే అతని పేరు పిలుస్తారు.

అలా పిలిచిన ఒక సందర్భం మన దేశానిదే. కప్తాయి ఆనకట్ట కింద ఊళ్ళు మునిగి, దాడులకు తట్టుకోలేక 1964లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మా తెగ వాళ్ళను ఇప్పటి అరుణాచల్‌లో ప్రభుత్వమే స్థిరపరిచింది. ముప్పై ఏళ్ళకు అక్కడి విద్యార్థి సంఘం వాళ్ళను వెళ్ళిపొమ్మని గడువు పెట్టింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనే పిటిషనర్‌గా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 జనవరి 9న కోర్టు, దాదాపు 65,000 మంది చక్మాల ప్రాణాలను కాపాడి తీరాలని రాష్ట్రాన్ని ఆదేశించింది. జీవించే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21 పౌరుడికే కాదు, మనిషైన ప్రతివాడికీ వర్తిస్తుందంది. మనకు శరణార్థుల చట్టం లేదు. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు. 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విదేశీయుల చట్టంలో కూడా శరణు అడిగే పద్ధతి లేదు. ఉన్నది ఇలాంటి నాలుగు తీర్పులే. పౌరసత్వం దరఖాస్తులు తేల్చమని 2015లో అదే చక్మాల కోసం అదే కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అంత నెమ్మది. అయినా ఆ 1996 తీర్పు లేకపోతే వాళ్ళు ఎక్కడ ఉండేవాళ్ళు?

ఇలాంటి చోట మా ఊళ్ళో అందరికీ గుర్తొచ్చేది విభీషణ శరణాగతి. ఏడుకొండల కింద పుట్టి పెరిగిన వాళ్ళకు శరణు అనే మాట నేర్పక్కర్లేదు. కానీ ఆ కథలో నేను ఇప్పుడు చూసేది రాముడి కరుణను మాత్రమే కాదు. ఆయన వెంటనే సరే అనలేదు. సభ జరిపాడు. శత్రువు తమ్ముడు, చంపేద్దాం అన్నాడు సుగ్రీవుడు. గూఢచారిని పెట్టి చూద్దాం అన్నాడు శరభుడు. రాకూడని చోటికి, రాకూడని వేళ వచ్చాడన్నాడు జాంబవంతుడు. మెల్లగా మాట కలిపి అడుగుదాం అన్నాడు మైందుడు. అతని మాటలో, ముఖంలో దోషం కనిపించలేదన్నాడు హనుమంతుడు. ఈ రోజు పార్లమెంట్లలో వినిపించే అభ్యంతరాలన్నీ ఆ సముద్రతీరంలోనే వినిపించాయి. అందరూ చెప్పాక నిర్ణయం జరిగింది. రాముడున్న చోట పిటిషను అక్కర్లేదు. రాముడు లేని చోట కూడా ఆ సభ జరగాలి కాబట్టే లాయర్లు కావాలి.

మొదట చెప్పిన మే 19 పిటిషనరు దగ్గరికి వస్తాను. అతని మీద నాకు సులువుగా జాలి కలగలేదు. నిషేధిత సంస్థతో సంబంధం ఉందని 2015లో పట్టుకున్నారు. చట్టవిరుద్ధ కార్యకలాపాల కేసులో పదేళ్ళు శిక్ష పడింది. హైకోర్టు ఏడేళ్ళకు తగ్గించి, శిక్ష కాగానే దేశం విడిచిపొమ్మంది. శిక్ష అయిపోయింది. భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నారని, వెనక్కి వెళ్తే ప్రాణానికి ప్రమాదమని పిటిషనులో చెప్పుకున్నాడు. ఇంకో దేశానికి వెళ్ళమంది కోర్టు. ఇలాంటి మనిషి తరఫున కూడా నేను నిలబడాలా అని నన్ను నేను చాలాసార్లు అడుగుకున్నాను. అతన్ని ఇక్కడే ఉంచాలని నేను అనలేను. కానీ ప్రాణభయం ఉందన్నాడే, అది నిజమా కాదా? ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిన ప్రశ్న అది. మంచివాళ్ళ ప్రాణభయం మాత్రమే వింటామంటే, ముందు మంచివాళ్ళో కాదో తేల్చడానికైనా వినాలి కదా.

ఈ ఆలోచనలన్నీ తిరుగుతుండగా పోయిన జూన్‌లో మా సత్రంలో ఒక పని మొదలుపెట్టాను. ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. గది ఇవ్వకుండా పంపిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఏమి చెప్పారు, మేము ఎందుకు లేదన్నాం అన్నది అందులో రాయాలి. రాత్రి డ్యూటీలో వాచ్‌మన్ కూడా రాయాలి. ఖాళీ లేకపోతే లేదనే రాయాలి. ఉండి ఇవ్వకపోతే కారణం రాయాలి. రద్దీ రోజుల్లో ఇది కుదరదు. అది నాకూ తెలుసు. ఆ రోజులు మినహాయించాను. ట్రస్టీల్లో ఒకరు "ఇవ్వని గదికి లెక్కేంటి మేనేజరుగారూ, పనిలేకా?" అన్నారు.

ఇప్పటికి 41 పేర్లయ్యాయి. కారణం రాయబోయి, రాయలేక, చివరికి గది ఇచ్చినవాళ్ళు 11 మంది. వాళ్ళలో ఇద్దరు చెప్పింది అబద్ధమని తర్వాత తేలింది. ఒకడు డబ్బు కట్టకుండా పోయాడు. అది నా జీతంలోంచి కట్టాను. మిగిలిన తొమ్మిది మందిలో నెల్లూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన ఉన్నాడు. ఒంటరి, కార్డు లేదు. కొడుకులు బస్సెక్కించి వెళ్ళిపోయారట. ఆ పేజీ వాచ్‌మన్ చేతిరాతలో ఉంది, నేను రాసినవాటన్నిటికంటే పొడుగ్గా, పేజీన్నర. వచ్చే నెల ట్రస్టు మీటింగులో ఈ పుస్తకం కొనసాగించాలా వద్దా అన్నది ఎజెండాలో పెట్టారు. ఆ పేజీ చదివి వినిపించడానికి పది నిమిషాలు అడిగాను. ఇంకా జవాబు రాలేదు.